మా నాయనమ్మ వంటింట్లో వేడి ఎటు పోయేదో

మాది పల్నాడు. రెంటచింతలకి దగ్గర్లోనే మా ఊరు. ప్రతి మే నెలలో పేపర్లో ఎండల లిస్టు వేస్తే రెంటచింతల పేరు పైన ఉండేది, పిల్లలందరం అదేదో మా ఘనత అన్నట్టు చెప్పుకునేవాళ్లం. అలాంటి చోట పుట్టి పెరిగినోళ్లకి వేడితోటే కాపురం కదా, అందుకేనేమో మా ఇంట్లో ఏ వస్తువు వేడిని గబుక్కున లాక్కుంటది, ఏది ఆపుద్ది, ఏది దాచుకుని నిదానంగా వదులుద్ది అనేది పెద్దోళ్లందరికీ చేతుల్లోనే ఉండేది. నేను తర్వాత బీఎస్సీ ఫిజిక్స్ చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో పిల్లలకి అదే పాఠం చెప్తున్నా. ఉష్ణవహనం చాప్టర్ వచ్చినప్పుడల్లా నాకు మా నాయనమ్మ వంటిల్లే కళ్లముందుకొస్తది, ఈ మధ్య మరీ ఎక్కువగా గుర్తొస్తుంటే ఇక రాసెయ్యాలనిపించింది.

నాయనమ్మ నిప్పు దాయడంతో మొదలుపెడతా. రాత్రి వంట అయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల్ని ఒక పక్కకి పోగుచేసి, వాటి మీద ఒక పిడక ముక్క పెట్టి, పైన అంతా బూడిద కప్పేసేది. తెల్లారి పుల్లతో ఆ బూడిద జరిపితే లోపల ఎర్రగా కణకణలాడుతూ ఉండేయి, నాలుగు కొబ్బరి పీచు పోగులేసి ఊదితే మంట లేచేది, అగ్గిపెట్టె తోటి పనే లేదు. బూడిద అంటే మెత్తటి పొడి కదా, రేణువుకీ రేణువుకీ మధ్య అంతా గాలే ఇరుక్కుని ఉంటది, కదలని గాలిలోంచి వేడి పోవాలంటే చాలా కష్టం, పైగా బయట గాలి కూడా నిప్పుకి అంతగా అందదు కాబట్టి అది కాలిపోకుండా రాత్రంతా రగులుతూనే ఉంటది. రెండు పనులూ ఆ గుప్పెడు బూడిదే చేసేది.

ఎప్పుడన్నా పక్కింటోళ్ల పొయ్యిలో నిప్పు ఆరిపోతే ఆ పిన్ని "అత్తా, కాస్త నిప్పు పెట్టవా" అంటా ఒక పిడక ముక్క పట్టుకుని వచ్చేది. దాని అంచు మా పొయ్యిలో అంటించుకుని, ఇంకో అంచు వేళ్లతో పట్టుకుని, గాలికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటా వాళ్ల గుమ్మం దాకా నడిచెళ్లేది. జానెడు పిడక, ఆ కొసన ఎర్రటి నిప్పు, ఈ కొసన ఉత్త వేళ్లు. పిడకలో గడ్డి, పొట్టు, మధ్యలో బోలెడన్ని గాలి సందులు, అది కాలేది కానీ వేడిని ఈ చివరికి రానిచ్చేది కాదు. అదే జానెడు రాగి ముక్క అయితే ఇంట్లోంచి బయటికి కూడా రాలేరు.

ఊదుడు గొట్టం సంగతి మాత్రం నాకు చిన్నప్పుడు అస్సలు అర్థమయ్యేది కాదు. అది ఇనుపది. ఒక చివర నిప్పుల్లో ఉండేది, ఇంకో చివర నాయనమ్మ పెదాల దగ్గర. ఇనుప అట్లకాడ పెనం మీద మర్చిపోతే కాడ దాకా కాలేది కదా, మరి గొట్టం ఎందుకు కాలదు అని అడిగితే "పొడుగ్గా ఉంది కదే" అనేది అంతే. అసలు కారణం అదే. గొట్టం రేకు పలచన, పొడుగు మూరెడు పైన, వేడి ఇనుము వెంట పాక్కుంటా వచ్చేలోపు దారి పొడుగునా గాలికి పోతానే ఉంటది, లోపల్నించి ఊదే ఊపిరి కూడా దాన్ని చల్లారుస్తా ఉంటది, పెదాల దాకా వచ్చేసరికి ఏం మిగలదు. పైగా ఊదాక గొట్టం పొయ్యిలో వదిలెయ్యనిచ్చేది కాదు, తీసి గోడకి ఆనించాల్సిందే.

ఇక మసిగుడ్డ. పాత పంచె చింపి నాలుగు మడతలేసి పొయ్యి పక్కన పెట్టేది, గిన్నెలు దించడానికి. మేము దాంతో కింద ఒలికిన నీళ్లు తుడిస్తే నాయనమ్మకి ఎక్కడలేని కోపం వచ్చేది. "తడి గుడ్డతో గిన్నె పట్టుకోమాకే అమ్మాయ్, పొడి గుడ్డ కంటే అదే ముందు కాలిద్ది" అని ఎన్నిసార్లు చెప్పుంటదో. చిన్నప్పుడు ఆ మాట తలకిందులుగా అనిపించేది, తడి అంటే చల్లగా ఉండాలి కదా అని. కానీ పొడి గుడ్డలో చెయ్యిని కాపాడేది నూలు ఒక్కటే కాదు, నూలు పోగుల మధ్య ఉన్న గాలి కూడా. గుడ్డ తడిస్తే ఆ గాలి ఉన్న చోటల్లా నీళ్లు నిండుతయ్యి, నీళ్లు గాలి కంటే ఇరవై రెట్లకి పైనే వేడిని మోస్తయ్యి. దించుతున్న గిన్నె సగం దారిలో ఉండగా చుర్రుమంటది, వదిలేస్తే కాళ్ల మీద పడుద్ది. నేను పాఠం చెప్పేటప్పుడు ఏది చెప్పినా చెప్పకపోయినా ఈ ఒక్కటి మాత్రం పిల్లలకి చెప్పి తీరతా, ఇళ్లల్లో ఇప్పటికీ తడి టవల్‌తో కుక్కర్ పట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

పాలు పొయ్యి మీద కాచేవాళ్లు కాదు, దాలిలో పెట్టేవాళ్లు. పెరట్లో గుంట, దాన్లో పిడకలు, మధ్యలో మట్టి పాలకుండ. పొద్దున పెడితే మధ్యాహ్నానికి పాలు లేత ఎరుపు రంగుకి తిరిగి, పైన మందంగా మీగడ కట్టేది, ఆ మీగడ అంచు కుండకి అంటుకుని కాస్త మాడినట్టు ఉండేది చూడండి, దానికోసం మేము కొట్టుకునేవాళ్లం. మట్టి వేడిని నిదానంగా లోపలికి దింపుద్ది, ఒక్కచోటే గుచ్చినట్టు కాకుండా కుండ చుట్టూతా సన్నగా కాగుద్ది, అందుకే అన్ని గంటలున్నా పాలు అడుగంటేవి కావు. ఆ పాల పెరుగు, ఆ మజ్జిగ రుచి మళ్లీ నాకు ఎక్కడా తగల్లేదు.

మా అమ్మమ్మది తెనాలి వైపు, వాళ్ల ఇంట్లో రాచ్చిప్ప ఉండేది. దాన్లో పులుసు కాచి కిందికి దించి పీట మీద పెట్టినా ఇంకా కుతకుతమంటానే ఉండేది, మేము చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నా కూడా బుడగలు వచ్చేయి. రాయి వేడెక్కడానికి చాలాసేపు పడుద్ది కానీ ఒకసారి ఎక్కిందంటే అంత తేలిగ్గా వదలదు. అందుకే ఆవిడ పులుసు ఇంకా కాస్త పలచగా ఉండగానే దించేసేది, మిగతాది రాయే చూసుకుంటదని. అదే ఇంట్లో చారుకి సత్తుగిన్నె, అంటే తగరంతో చేసిన గిన్నె. తగరం 232 డిగ్రీలకే కరిగిపోద్ది, ఖాళీ గిన్నె పొయ్యి మీద పెడితే చూస్తుండగానే అడుగు ఊడి బొట్లుబొట్లుగా నిప్పుల్లో కారుద్ది. మరి చారు ఎలా కాగుద్ది అంటే, చారు ఉన్నంతసేపూ అది మరిగే వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోద్ది, గిన్నెకి ఎక్కిన వేడినంతా చారు లాగేసుకుంటా ఉంటది కాబట్టి తగరం కరిగేదాకా పోనే పోదు. అందుకే ముందు చింతపండు నీళ్లు పోసి అప్పుడు పొయ్యి మీద పెట్టేది, పోపు మాత్రం వేరే ఇనుప గరిటెలో వేసి తెచ్చి చారులో కలిపేది. ఆ వరస ఎన్నడూ తప్పేది కాదు.

వేడి విషయంలో నేను కళ్లార్పకుండా చూసింది మాత్రం కళాయి, అంటే ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత, వేసేటప్పుడు. ఏడాదికోసారి సంక్రాంతి ముందర వచ్చేవాళ్లు కళాయి వేసేవాళ్లు, "కళాయీ" అని కేకేసుకుంటా. వేపచెట్టు కింద చిన్న గుంట తీసి, తిత్తి గొట్టం మట్టిలో పూడ్చి, బొగ్గులేసి కొలిమి పెట్టేవాళ్లు. వీధి వీధంతా ఇత్తడి సామాన్లు తెచ్చి వరసగా పెట్టేది. ముందు గిన్నెల్ని ఇసకతో తోమడం, పెద్ద గుండిగలైతే కుర్రాడు లోపల దిగి చెట్టు కొమ్మ పట్టుకుని కాళ్లతో ఇసక రుద్దుతా గిర్రుగిర్రున తిరిగేవాడు. తర్వాత పెద్దాయన గిన్నెని పటకారుతో పట్టి నిప్పుల మీద తిప్పుతా ఉండేవాడు, ఒక్కచోట ఉంచేవాడు కాదు. ఇత్తడిలో వేడి తొందరగా పాకుద్ది కాబట్టి రెండు నిమిషాల్లో గిన్నె మొత్తం కాగేది. అప్పుడు కాస్త నవాసాగరం పొడి చల్లితే తెల్లటి పొగ గుప్పుమని లేచి ముక్కులు మండిపోయేయి. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నెకి అలా తాకించి తీసేవాడు. వెంటనే దూది ఉండ తీసుకుని గిన్నె లోపలంతా ఒకే ఊపులో రుద్దేవాడు, అప్పటిదాకా పచ్చగా ఉన్న గిన్నె ఆ చెయ్యి పోయిన దారినే తెల్లగా వెండిలా అయ్యేది.

అక్కడే నా చూపు నిలిచిపోయేది. తగరం కరగాలంటే గిన్నె 232 డిగ్రీలు దాటి ఉండాలి, ఆయన వేళ్లకీ దానికీ మధ్య అడ్డం ఉన్నది ఇంత దూది ఉండ ఒక్కటే. దూదిలో ఎక్కువ భాగం గాలే కాబట్టి ఆ కాసేపూ వేడి ఆగేది, అంతకంటే ఎక్కువసేపు పెడితే దూది నల్లగా మాడేది, ఆ లెక్క ఆయన చేతికి తెలుసు. ఆ పని మీద నాకు ఉన్నంత గౌరవం ఇంకే పని మీదా లేదని ఇప్పటికీ అనిపిస్తది. చింతపండు పులుసు ఉత్త ఇత్తడిలో కాస్తే చిలుము ఎక్కుద్ది, మనుషులకి ప్రమాదం, ఆయన వేసిన ఆ పలచటి పూతే ఏడాది పొడుగునా ఊరందర్నీ కాపాడేది.

తర్వాత స్టీలు వచ్చింది. పాత బట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చే ఆవిడ నెత్తిన గంప పెట్టుకుని వచ్చేది, అమ్మ ఇత్తడి బిందెలు తూకానికి వేసి స్టీలు డబ్బాలు, గిన్నెలు కొనుక్కుంది. తోమడం తేలిక, చిలుము లేదు, కళాయి అక్కర్లేదు, అమ్మకి నడుం నొప్పి తగ్గింది, కాబట్టి అది మంచిదే అంటా నేను. కానీ పాలు అడుగంటడం మా ఇంట్లో అప్పుడే మొదలైంది. స్టీలు లోహమే కానీ వేడిని మొయ్యడంలో బాగా వెనకబడిపోద్ది, రాగి దాని కంటే పాతిక రెట్లు నయం, ఇత్తడి ఏడెనిమిది రెట్లు. గ్యాసు మంట రింగులా ఎక్కడ తగులుద్దో అక్కడే స్టీలు కాలుద్ది, ఆ వేడి పక్కకి పాకదు, కాబట్టి పాలగిన్నె అడుగున సరిగ్గా బర్నరు ఆకారంలోనే గోధుమరంగు వలయం పడేది. కంపెనీలు అడుగున రాగి పూత వెయ్యడం, అల్యూమినియం పలక దాచి పెట్టడం అంతా అందుకే, వేడి అడుగంతా సమానంగా పరుచుకోవడానికి. కుక్కర్లు అల్యూమినియంతో ఎక్కువ చేసేదీ అది రాగిలో సగానికి పైగా వేడి మొయ్యగలదు, బరువు తక్కువ, ధర తక్కువ అని. ఆ కుక్కర్ నల్లటి పిడులు బేకలైటు, అంటే వేడిని అంతగా పాకనియ్యని గట్టి ప్లాస్టిక్కు, 1907లో లియో బేకలాండ్ అనే ఆయన కనిపెట్టాడు దాన్ని. మా నాయనమ్మ గరిటెకి కొబ్బరి చిప్ప, దానికి వెదురు కాడ, పప్పుకి కొయ్య గుత్తి, అన్నానికి కొయ్య తెడ్డు. చెయ్యి పట్టుకునే చోటికి వేడి రాకూడదు అనే ఆలోచన రెండిట్లోనూ ఒకటే.

ఏడో తరగతిలో మా సైన్సు మాస్టారు చేసి చూపించిన ప్రయోగం ఒకటి ఇక్కడ చెప్పాలి. మా బడిలో ల్యాబు లేదు. ఆయన కరెంటు షాపులోంచి లావుపాటి రాగి తీగ ముక్క, సైకిల్ షాపులోంచి స్పోకు, ఎక్కడ్నించో ఒక గాజు కడ్డీ తెచ్చాడు. మూడిట్నీ ఒక ఇటుక మీద పక్కపక్కనే పెట్టి, కొవ్వొత్తి కరిగించి చుక్కలు వేసి, ఆ మైనంలో గుండుసూదులు వేలాడదీశాడు, చివర్లు మూడూ ఒకే మంటలోకి. మేము బెంచీలు వదిలేసి చుట్టూ మూగాం. రాగి తీగ మీద మొదటి సూది టిక్కుమని రాలింది, తర్వాత రెండోది, స్పోకు మీద అప్పటికింకా ఒక్కటే మెత్తబడి వంగుతా ఉంది. రాగిది మూడోది కూడా రాలాక గానీ స్పోకుది పడలేదు. గాజు కడ్డీ చివర ఎర్రబడేదాకా మంటలో ఉన్నా సూదులు కదల్లేదు. మాస్టారు మంటకి అంత దగ్గర్లో ఆ గాజు కడ్డీని వేలితో ముట్టుకుని చూపించాడు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త లోహాల కడ్డీలకి మైనం పూసి ఇలాగే పోల్చి చూశాడని తర్వాత డిగ్రీలో చదువుకున్నా. కళ్లకి కనిపించని వేడి ఎంత దూరం వచ్చిందో ఆ సూదులు రాలుతుంటే కనపడింది మాకు, ఆ రోజే నేను ఈ సబ్జెక్టు వదలకూడదు అనుకున్నా.

ఇంటికొచ్చి అన్నీ ముట్టుకుని చూడటం మొదలుపెట్టా. మా ఇంట్లో కింద మాచర్ల నాపరాళ్లు. చలికాలం పొద్దున్నే లేచి నాపరాయి మీద కాలు పెడితే జివ్వుమనేది, పక్కనే ఉన్న కొయ్య పీట మీద పెడితే ఏమీ అనిపించేది కాదు. రాత్రంతా ఒకే గదిలో ఉన్న రెండూ ఒకే చల్లదనంలో ఉంటయ్యి. కాకపోతే రాయి మన కాలిలోని వేడిని గబగబా లాగేస్తది, కొయ్య లాగలేదు, మన చర్మానికి తెలిసేది వేడి పోయే వేగమే. ఎండాకాలం ఇది తిరగబడేది. మిట్టమధ్యాహ్నం బోరింగు ఇనుప పిడి ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది, ఆ ఎండలోనే ఉన్న ఎద్దులబండి కాడి మీద చెయ్యి వేసి కాసేపు నిలబడొచ్చు. ఇంట్లో మాత్రం నాపరాళ్లని తడిగుడ్డతో తుడిచి చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం, కింద నేల చల్లదనం రాయిలోంచి సూటిగా వీపుకి ఎక్కేది.

పెళ్లిళ్లకి ఐసు దిమ్మలు నరసరావుపేట నుంచి బస్సు మీద వచ్చేయి, రంపపు పొట్టులో పొర్లించి, గోనెపట్టాలు చుట్టి. గోనెపట్టా కప్పుకుంటే మనకి వెచ్చగా ఉంటది కదా, మరి ఐసుకి కప్పితే కరిగిపోదా అని మా బాబాయిని అడిగా. "లోపలిది బయటికి పోనియ్యదు, బయటిది లోపలికి రానియ్యదు, దానికి నువ్వైనా ఒకటే ఐసైనా ఒకటే" అన్నాడు బాబాయి. ఇంతకంటే బాగా నేను క్లాసులో చెప్పలేను. ఇదే పద్ధతిలో 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అమెరికాలో బోస్టన్ నుంచి కలకత్తాకి ఓడలో ఐసు పంపాడు, నాలుగు నెలల ప్రయాణం, దాదాపు 180 టన్నులు ఎక్కిస్తే 100 టన్నుల దాకా గడ్డగానే దిగింది. తర్వాత మద్రాసులో సముద్రం ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు, ఆ బిల్డింగు ఇప్పటికీ ఉంది. మా ఊళ్లో మాత్రం పెళ్లయ్యాక మిగిలిన పొట్టు ఎండబెట్టుకుని పొట్టు పొయ్యిలో వాడేవాళ్లు.

కప్పుల సంగతి చెప్పకపోతే పల్నాడు గురించి చెప్పినట్టే కాదు. మాది మట్టి మిద్దె, దూలాల మీద అడుగు మందం చౌడు మట్టి. పెదనాన్న వాళ్లది డాబా. చేలో మోటారు దగ్గర రేకుల షెడ్డు. ఒకే ఎండ మూడిటి మీదా పడేది, లోపలికి దిగే టైము మాత్రం దేనిది దానిదే. రేకుకి టైమే అక్కర్లేదు, పొద్దున తొమ్మిదింటికే లోపల నిలబడలేం, సాయంత్రం ఆరింటికల్లా మళ్లీ చల్లారిపోయేది. నాలుగైదు అంగుళాల స్లాబు దాటడానికి వేడికి మూడు గంటల పైన పట్టుద్ది, మధ్యాహ్నం ఎండ సాయంత్రం లోపలికి దిగుద్ది, స్లాబు అంతా దాచుకున్న వేడి అర్ధరాత్రి దాటినా కక్కుతానే ఉంటది, ఫ్యాను వేస్తే పైనున్న వడగాలి కిందికి తోస్తది. మట్టి మిద్దెకి మాత్రం తొమ్మిది పది గంటలు. మధ్యాహ్నం రెండింటి ఎండ లోపలికి వచ్చేసరికి రాత్రి పదకొండు, అది కూడా చాలామటుకు దారిలోనే అరిగిపోయి నీరసంగా వచ్చేది. అప్పటికి మేమంతా వాకిట్లో నులక మంచాల మీద నిద్రలో ఉండేవాళ్లం. ఆ వేడి వచ్చి చూస్తే ఇంట్లో ఎవరూ ఉండేవాళ్లు కాదు. ఎండాకాలం మధ్యాహ్నం పెదనాన్న పిల్లలందరూ మా ఇంటికే వచ్చేవాళ్లు పడుకోవడానికి, డాబా వాళ్లదైనా.

ఇప్పుడు మేముండేది టాప్ ఫ్లోరు. రాత్రి పది దాటినా బెడ్రూం గోడ మీద చెయ్యి పెడితే సెగ తెలుస్తా ఉంటది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ, అంటే ఇళ్ల కప్పులు చల్లగా ఉండేలా చేసే విధానం, తెచ్చినప్పటి నుంచి మా అపార్టుమెంటులో కూడా తెల్ల పెయింటు గురించి మాటలు మొదలయ్యాయి, పోయిన ఏడాది వేయించాం, తేడా ఉంది. తెలుపు ఎండని వెనక్కి కొట్టుద్ది కానీ, లోపలికి దిగే కాస్త వేడిని ఆపాలంటే మధ్యలో కదలని గాలి ఉండాల్సిందే. ఈ వేసవికి డాబా మీద ఒక పక్క వెదుర్లు పాతి పైన తాటాకు కప్పిద్దామని అనుకుంటున్నాం, ఆకు కోసం మా తమ్ముడికి ఫోన్ చేశా. బండి కిరాయి ఎంతవుద్దో కనుక్కుని చెప్తా అన్నాడు, మార్చి దాటకుండా తెప్పించుకోమన్నాడు.